దరఖాస్తులో ఒక పేజీ చేర్చండి: సాహస, అన్వేషణ చిత్రోత్సవాల నిర్వాహకులకు బహిరంగ లేఖ

సాహస, అన్వేషణ చిత్రోత్సవాల నిర్వాహకులకు, ఎంపిక సంఘాల సభ్యులకు, న్యాయనిర్ణేతలకు నమస్కారాలతో,

కొండల మీద, మంచు ఎడారుల్లో, సముద్రం అడుగున ఎవరెవరో ప్రాణాలకు తెగించి తీసిన చిత్రాలను ఏరి తెచ్చి, చీకటి హాల్లో కూర్చున్న మాబోటివాళ్ల ముందు పెట్టే పని మీరు చేస్తున్నారు. ఆ పని విలువ తెలిసిన ప్రేక్షకుడిగానే ఈ లేఖ రాస్తున్నాను. అడగదలచుకున్నది చిన్న విషయం. మీ ప్రవేశ దరఖాస్తులో మరొక పేజీ చేర్చండి. ఆ పేజీలో ఏముండాలో, ఎందుకుండాలో చెప్పడానికే మిగిలిన లేఖంతా.

కొంతకాలం క్రితం రెండు విడతలు ఒక ఉత్సవానికి ప్రాథమిక వీక్షకుడిగా పనిచేశాను. వచ్చిన చిత్రాలను ఇంట్లో కూర్చుని చూసి, మార్కులు వేసి, ఏవి ఎంపిక సంఘం దాకా వెళ్లవచ్చునో సూచించడం నా బాధ్యత. ప్రతి చిత్రంతోనూ ఒక దరఖాస్తు వచ్చేది. చిత్రం నిడివి, తయారైన దేశం, భాష, సబ్‌టైటిళ్లు ఉన్నదీ లేనిదీ, ఇంతకు ముందు ఎక్కడైనా ప్రదర్శించారా, సంగీతం హక్కులు ఎవరివి అన్న ప్రశ్నలన్నీ అందులో ఉండేవి. యాత్ర ఎలా జరిగిందన్న ప్రశ్న ఒక్కటీ ఉండేది కాదు. దర్శకుడు తనకు తోచినట్టు రాసిన నాలుగైదు వాక్యాల పరిచయమే దానికి ఆధారం.

ఆ చిత్రాల్లో ఒకటి, ఒక మనిషి ఎడారిని ఒంటరిగా కాలినడకన దాటడం గురించి. నాకు ఎంతగానో నచ్చింది. పొద్దు వాలే వేళ ఇసుక తిన్నె మీద అతడు చుక్కంతై కనుమరుగయ్యే దృశ్యానికి నేను పూర్తి మార్కులు వేశాను. చిత్రం ఎంపికైంది, ప్రదర్శన జరిగింది, దర్శకుడే ఆ యాత్రికుడు కావడంతో తర్వాత ప్రశ్నోత్తరాలూ జరిగాయి. ముందు వరుసలో పదేళ్ల పిల్లవాడు లేచి, "మీరు కెమెరాను దాటి అంత దూరం వెళ్లిపోయారు కదా, మరి కెమెరాను ఎవరు తెచ్చారు?" అని అడిగాడు. హాలంతా నవ్వింది. దర్శకుడూ నవ్వి, గంట ప్రయాణం వెనకాల ఒక వాహనం వచ్చేదని, డ్రైవరుతో పాటు మరో ఇద్దరు ఉండేవారని, నీళ్లు వాళ్ల దగ్గరే ఉండేవని దాపరికం లేకుండా చెప్పాడు. అతడు అబద్ధమాడలేదు. అప్పటిదాకా ఎవరూ అడగలేదు, అంతే. అడగనివాళ్లలో మొదటివాడిని నేను.

నిజంగా ఒంటరిగా వెళ్లి చిత్రం తీసుకునేవారు లేకపోలేదు. వాళ్ల కష్టం వేరు. కెమెరాను నిలబెట్టి, దాని ముందు నుంచి నడిచి వెళ్లి, తిరిగి వెనక్కి వచ్చి, దాన్ని విప్పి సంచిలో పెట్టుకుని మళ్లీ అదే దారిన పోవాలి. అంటే అలాంటి ప్రతి దృశ్యానికీ ఆ దారిని మూడు సార్లు నడవాలి. ఆ రెండో నడక, మూడో నడక తెర మీద కనిపించవు. వాహనం వెంట ఉన్నవాడి చిత్రానికీ, మూడు సార్లు నడిచినవాడి చిత్రానికీ తేడా తెలియకుండా ఒకే కొలతతో మార్కులు వేశామంటే, అన్యాయం జరిగింది ప్రేక్షకుడికన్నా ముందు ఆ రెండో మనిషికి.

అందుకే ఆ అదనపు పేజీలో మొదట అడగవలసింది, అక్కడ ఇంకా ఎవరెవరు ఉన్నారని. బరువులు మోసినవారు, తాళ్లు కట్టినవారు, వంట చేసినవారు, దారి చూపినవారు, వాహనమో పడవో నడిపినవారు, మాట తర్జుమా చేసినవారు, అందరూ పేర్లతో సహా. రెండోది, తెర మీద ఉన్నవాటిలో ఏది మళ్లీ చేయించి తీసిందో, ఏది మరో రోజున మరో చోట తీసిందో. మూడోది, డబ్బు ఎవరు పెట్టారు, పెట్టినవారికి చిత్రం కూర్పు మీద మాట చెల్లిందా అన్నది. అనుమతుల గురించి, చిత్రీకరణలో జరిగిన ప్రమాదాల గురించి ఒక్కో వాక్యం చాలు. ఇంతకు మించి నేను కోరేది లేదు.

ఇది కొత్తగా పుట్టిన సమస్య కాదు. సాహస చిత్రాలకు ఎంత వయసుందో దీనికీ అంతే వయసుంది. షాకల్టన్ అంటార్కిటికా యాత్రలో ఫొటోగ్రాఫర్‌గా ఫ్రాంక్ హర్లీ చేసిన పని తెలియనివారు మీలో ఉండరు. 1915లో ఎండ్యూరెన్స్ ఓడను మంచు నలిపేస్తున్నప్పుడు, ఓడలోకి చేరిన గడ్డకట్టే నీళ్లలోకి దిగి నెగటివ్‌ల పెట్టెలను బయటికి తీశాడు. మోయగలిగినన్నే ఉంచుకోవాలి కనుక షాకల్టన్‌తో కలిసి మంచు మీద కూర్చుని ఏరి, సుమారు 400 గాజు పలకలను పగలగొట్టి, 120 దాకా మిగుల్చుకున్నాడు. ఏరి పక్కన పెట్టినదాన్ని మళ్లీ మనసు మారి తీసుకోకూడదనే పగలగొట్టడం. కెమెరా పట్టినవాళ్ల చరిత్రలో ఇంతకన్నా పెద్ద సాహసం నాకు గుర్తు రాదు. ఆ హర్లీయే, 1916 ఏప్రిల్‌లో ఎలిఫెంట్ దీవి నుంచి ఆరుగురితో చిన్న పడవ సహాయం కోసం బయలుదేరినప్పటి బొమ్మను తర్వాత దిద్ది, ఆగస్టులో రక్షించడానికి ఓడ వచ్చినప్పటి బొమ్మగా చూపించాడు. వీడ్కోలు చెబుతున్న చేతులే స్వాగతం చెబుతున్న చేతులయ్యాయి. ఆ యాత్ర మీద 1919లో విడుదలైన తన చిత్రంలోని జంతువుల దృశ్యాల కోసం 1917లో సౌత్ జార్జియాకు మళ్లీ వెళ్లి చిత్రీకరించి వచ్చాడు. మళ్లీ వెళ్లి తీయడంలో తప్పేమీ లేదు; నిజానికి అదీ ఒక యాత్రే. బొమ్మ సంగతి మాత్రం అలా సరిపెట్టుకోలేం. నీళ్లలోకి దిగినవాడి మీద గౌరవం తగ్గకుండానే, బొమ్మ దిద్దినవాడిని నిలదీయవచ్చు. ఇద్దరూ ఒకడే కావడం వల్ల మనకు ఇబ్బందిగా ఉంటుందంతే.

స్కాట్ దక్షిణ ధ్రువ యాత్రను చిత్రించిన హెర్బర్ట్ పాంటింగ్ సంగతి ఇంకా చిత్రమైనది. 1924లో వచ్చిన అతని చిత్రంలో స్కాట్, విల్సన్, బవర్స్, ఎవాన్స్ గుడారంలో వంట చేసుకోవడం, నిద్ర సంచుల్లోకి దూరడం కనిపిస్తాయి. ధ్రువం దాకా పాంటింగ్ వెళ్లలేదు. యాత్ర మొదలవక ముందే, స్థావరం దగ్గరే వాళ్ల చేత చేయించి తీసిన దృశ్యాలవి. ఆ నలుగురూ 1912లో తిరుగు దారిలోనే చనిపోయారు. ఆ సంగతి తెలియకుండా చూసినవాడికి అది చివరి ప్రయాణపు దృశ్యం. తెలిసి చూసినవాడికి, ముందున్నదేమిటో ఎరగని మనుషులు కెమెరా కోసం సరదాగా చేసి చూపిస్తున్న అభినయం. నన్నడిగితే ఈ రెండోదే గుండెను ఎక్కువ మెలిపెడుతుంది. నిజం చెబితే చిత్రం బలం తగ్గిపోతుందని భయపడే దర్శకులకు నేను ఎప్పుడూ చూపే ఉదాహరణ ఇది.

ఆర్కిటిక్ మంచు ప్రాంతపు ఇన్యూట్ వేటగాళ్ల మీద 1922లో విడుదల చేసిన చిత్రంలో రాబర్ట్ ఫ్లాహర్టీ చూపించిన "నానూక్" అసలు పేరు అల్లాకరియల్లాక్. అప్పటికి తుపాకులు వాడుతున్న వేటగాళ్ల చేత ఈటెలతో వేటాడించారు, కెమెరాకు వెలుతురు కావాలని మంచు ఇంటిని సగం తెరిచి కట్టించారు. ఇవన్నీ సినిమా పాఠాల్లో చెప్పేవే కాబట్టి పొడిగించను. తక్కువగా చెప్పేవి వేరే రెండున్నాయి. ఆ చిత్రానికి డబ్బు పెట్టింది రెవియోన్ ఫ్రేర్ అనే బొచ్చు వ్యాపార సంస్థ; చిత్రంలో కుటుంబమంతా వెళ్లి సంబరపడే చోటు బొచ్చు కొనే దుకాణం. రెండోది, కెమెరాలను బాగుచేయడం దగ్గర నుంచి సాంకేతికమైన పనుల్లో సాయం చేసింది ఆ ఇన్యూట్ ప్రజలే. చిత్రం వాళ్లను యంత్రమంటే తెలియని అమాయకులుగా చూపిస్తుంది. నేను కోరే పేజీలోని మొదటి మూడు ప్రశ్నలనూ అప్పట్లో ఎవరైనా అడిగి, జవాబులను చిత్రం పక్కన భద్రపరచి ఉంటే, నూరేళ్లుగా నడుస్తున్న తగువులో సగం ఉండేది కాదు.

తెర మీది మాట తెర దగ్గర ఆగిపోదు అనడానికి 1924 నాటి ఎవరెస్ట్ యాత్రే సాక్ష్యం. మాలరీ, ఇర్విన్ కనిపించకుండా పోయిన ఆ యాత్రను జాన్ నోయెల్ చిత్రించాడు. లండన్‌లో ప్రదర్శనకు ముందు వేదిక మీద నృత్యం చేయించడానికి టిబెట్ నుంచి బౌద్ధ భిక్షువులను వెంట తెచ్చాడు. టిబెట్ ప్రభుత్వం దీన్ని అవమానంగా భావించింది. ఆ తర్వాత 1933 దాకా ఎవరెస్ట్‌కు మరో యాత్ర వెళ్లలేకపోవడానికి ఇదొక ముఖ్య కారణం. ప్రచారం కోసం చేసిన ఒక ప్రదర్శన కొండ దారినే మూసేసిందన్నమాట. స్థానికుల అనుమతి గురించి దరఖాస్తులో ఒక వాక్యం అడగమన్నది అందుకే.

ఇప్పుడు పేర్ల విషయానికి వస్తాను. ఈ లేఖలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. 1922లో ఎవరెస్ట్ మీద మంచు చరియ విరిగిపడి ఏడుగురు బరువులు మోసేవాళ్లు చనిపోయారు. మాలరీ పేరు తెలిసినవాళ్లలో ఆ ఏడుగురిలో ఒక్కరి పేరైనా చెప్పగలవారు ఎందరు? 1954లో కె2 శిఖరాన్ని ఇటలీ బృందం మొదటిసారి ఎక్కింది. పై శిబిరంలో ఉన్న ఇద్దరి కోసం ఆక్సిజన్ సిలిండర్లను మోసుకెళ్లిన వాల్టర్ బొనాట్టి, పాకిస్తాన్‌లోని హుంజాకు చెందిన అమీర్ మహ్దీ, శిబిరం దొరకక సుమారు 8,100 మీటర్ల ఎత్తున గుడారం లేకుండా రాత్రంతా మంచులో గడిపారు. మహ్దీ కాలి వేళ్లు పోగొట్టుకున్నాడు. ఆ రాత్రి జరిగినదాని గురించి బొనాట్టి దశాబ్దాల తరబడి పోరాడి తన మాట నెగ్గించుకున్నాడు. ఇటలీ పర్వతారోహణ సంఘం దాన్ని ఒప్పుకోవడానికి అర్ధ శతాబ్దం పట్టింది. బొనాట్టికి పుస్తకాలు రాసే భాష ఉంది, వినే పాఠకులున్నారు. మహ్దీకి అవేవీ లేవు. అదే సంఘం 1952లో ట్రెంటో నగరంతో కలిసి పర్వత చిత్రాలకు ప్రపంచంలోనే మొట్టమొదటి ఉత్సవాన్ని ప్రారంభించిందని మీకు గుర్తు చేస్తున్నది ఎత్తిపొడవడానికి కాదు. శిఖరాల కథను ఎవరు చెప్పాలన్న నిర్ణయం, వాటి మీద ఎవరున్నారన్న లెక్క ఒకే చేతిలో ఉన్నప్పుడు, ఆ చెయ్యి ఎంత జాగ్రత్తగా ఉండాలో ఈ ఉదాహరణ చెబుతుంది. ఈ రోజు ఆ చెయ్యి మీది. కెనడాలో 1976లో మొదలైన బాంఫ్ ఉత్సవం తరహాలో బహుమతి చిత్రాలు దేశదేశాల్లో పర్యటిస్తున్న కాలంలో, మీరు ఎంచుకున్న కథే లక్షలమందికి ఆ యాత్ర చరిత్రగా మిగులుతుంది.

పరిస్థితి మారలేదని నేను అనను. 2014 ఏప్రిల్ 18న ఎవరెస్ట్ దారిలో, హిమానీనదం విరిగి జారే ఖుంబూ మంచుపాతం అనే చోట 16 మంది మరణించినప్పుడు, షెర్పాల వైపు నుంచి ఎవరెస్ట్‌ను చూపించాలని వెళ్లిన జెన్నిఫర్ పీడమ్ బృందం అక్కడే ఉంది. మరుసటి ఏడు వచ్చిన ఆ చిత్రం, యాత్రా సంస్థలు, ఖాతాదారులు, పనివాళ్లు ఒకరితో ఒకరు ఏం మాట్లాడుకున్నారో దాచకుండా వినిపించింది. 2021 జనవరి 16న చలికాలంలో కె2ను మొదటిసారి ఎక్కిన పదిమందీ నేపాల్ వారు. శిఖరానికి కొద్ది అడుగుల కింద ఆగి, అందరూ వచ్చాక కలిసి నడిచారు. ఆ నడకను చిత్రించిన కెమెరా వాళ్లదే. బరువు మోసినవాడి చేతికి కెమెరా వస్తే కథ ఎలా మారుతుందో దానికన్నా బాగా నేను చెప్పలేను.

చిత్రీకరణే ప్రమాదాన్ని పెంచుతుందా అన్న ప్రశ్నను దాటేయకుండా ఎదుర్కొన్న చిత్రం 2018లో వచ్చింది. అలెక్స్ హానల్డ్ 2017 జూన్ 3న అమెరికాలోని దాదాపు 3,000 అడుగుల నిటారు రాతి కొండ ఎల్ కాపిటాన్‌ను తాడు లేకుండా ఎక్కాడు. తమ ఉనికి వల్ల అతని ధ్యాస చెదిరితే ఏమవుతుందోనని కెమెరామెన్లు పడిన మథన చిత్రంలోనే ఉంది. అన్నిటికన్నా కష్టమైన చోట మనిషిని పెట్టకుండా దూరం నుంచి నడిపే కెమెరాను పెట్టారు. ఈ సంగతులు చెప్పడం వల్ల ఆ చిత్రానికి ఆస్కార్ రాకుండా పోలేదు.

మరి, అడిగినంత మాత్రాన నిజం చెబుతారా అని మీరు అనవచ్చు. ఈ విషయంలో నాకు ఎలిజబెత్ హాలీ గుర్తొస్తారు. ఆమె 1960 నుంచి కాఠ్‌మాండూలో నివసించిన అమెరికన్ విలేఖరి. 2018లో చనిపోయే నాటికి ఆమె వయసు 94. ఏ శిఖరాన్నీ ఎక్కకుండానే హిమాలయ యాత్రల లెక్కలకు ఆమె ప్రపంచానికి ప్రమాణమయ్యారు. ఆమె పద్ధతి చాలా మామూలుది. యాత్రా బృందం హోటల్‌కు చేరగానే వెళ్లి కలిసి, ప్రశ్నల పత్రం తీసి, ఏ దారిన ఎక్కారు, ఎవరెవరు ఎక్కారు, ఆక్సిజన్ వాడారా అని అడిగేవారు. అనుమానం ఉంటే అనుమానమనే రాసేవారు. శిక్ష వేసే అధికారం ఆమెకు లేదు. తిరిగి రాగానే ఒకరు అడుగుతారన్న ఎరుకే కొండ మీద మనుషుల మాటను అదుపులో పెట్టింది. ఒక్క మనిషి చేయగలిగినదాన్ని ఇన్ని ఉత్సవాలు కలిసి చేయలేవంటే నేను నమ్మను. ఒక ఉత్సవానికి చెప్పిన జవాబే మరో ఉత్సవానికీ చెప్పవలసి వచ్చినప్పుడు, జవాబులు వాటంతటవే సర్దుకుంటాయి.

చిన్న దర్శకులకు ఇది భారం కాదా అన్నది మరో అభ్యంతరం. నేను చూసినంతలో, ముగ్గురు స్నేహితులు పాత కెమెరాతో తీసిన చిత్రానికి ఈ పేజీ పది నిమిషాల పని. ఎక్కువ సమయం పట్టేది డ్రోన్లు, హెలికాప్టర్లు, సహాయక బృందాలు ఉన్న పెద్ద చిత్రాలకే, దాన్ని నింపడానికి మనుషులు ఉన్నదీ వాళ్లకే. సినిమా కళ, ప్రమాణపత్రం కాదు అనేవారికి నా జవాబు ఏమిటంటే, కళను నేను ఆపడం లేదు. మళ్లీ చేయించి తీసిన దృశ్యానికి మార్కులు తగ్గించమని కూడా కోరడం లేదు. అలా తీశామని చెప్పండి అంటున్నాను. సముద్ర అన్వేషకుడు కూస్తో, దర్శకుడు లూయీ మాల్ కలిసి తీసి, 1956లో కాన్ చిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి గెలిచిన చిత్రంలో, పగడపు దిబ్బ దగ్గర డైనమైట్ పేల్చి చేపలను లెక్కపెట్టడం, ఓడ సిబ్బంది సొరచేపలను కొట్టి చంపడం ఉన్నాయి. ఈ రోజు ఆ దృశ్యాలు చూడలేం. అయినా వాళ్లు వాటిని కత్తిరించి దాచలేదు కనుకనే, సముద్రం పట్ల మనిషి తీరు ఆనాడు ఎలా ఉండేదో, తర్వాత కూస్తో ఎంత దూరం ప్రయాణించాడో మనకు తెలుస్తోంది.

ఆచరణలో ఈ పేజీని ఏం చేయాలన్నది మీకు నాకంటే బాగా తెలుసు. జవాబుల్లో బయటపెట్టదగ్గవి ఉత్సవ పుస్తకంలో చిత్రం పరిచయం కింద అచ్చువేస్తే చాలు. రాజకీయ కారణాల వల్ల పేరు బయటికి వస్తే ప్రమాదమనుకునే దారి చూపరులు ఉంటారు. వాళ్ల పేర్లు మీ దగ్గరే ఉంచి, పేరు చెప్పలేని ఒకరు ఉన్నారని మాత్రం రాయండి. వీలైనప్పుడు, దర్శకుడికీ యాత్రికుడికీ ఇచ్చే ఆహ్వానాల్లో ఒకటి తాడు కట్టినవారికో బరువు మోసినవారికో ఇవ్వండి. ప్రశ్నోత్తరాల్లో ఆ మనిషి పక్కన కూర్చుంటే, సంభాషణ తప్పకుండా వేరే దారి పడుతుంది.

ఎడారి చిత్రానికి వేసిన మార్కులను నేను ఇప్పటికీ వెనక్కి తీసుకోవాలనుకోవడం లేదు. ఆ పొద్దు వాలే దృశ్యం అంత అందంగానే ఉంది. దాన్ని తీసింది వెనక వాహనంలో వచ్చిన ఇద్దరిలో ఒకరట. ఆ రాత్రి హాలు ఖాళీ అవుతుండగా దర్శకుడు నాతో చెప్పాడు. పేరూ చెప్పాడు కానీ, చిత్రం చివర పేర్లలో అది లేదు. మళ్లీ ప్రాథమిక వీక్షణకు పిలిస్తే తప్పక వస్తాను. అప్పటికి ఆ పేజీ మీ దరఖాస్తులో చేరకపోతే, ఆ ప్రశ్నలను తెల్లకాగితం మీద నేనే రాసి, నా మార్కుల పత్రంతో పాటు మీకు పంపుతాను.

ఇట్లు,
మీ ఉత్సవాల ప్రేక్షకుడు